లోయ దారిలో ఫోన్ కోసం: మా వ్యాన్‌కి పెట్టిన సిగ్నల్ బూస్టర్, తొమ్మిది నెలల తర్వాత

నేను ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సుని. వారానికి ఐదు రోజులు వ్యాన్‌లోనే తిరుగుతాను. నా దారిలో పదకొండు కిలోమీటర్ల లోయ ఒకటుంది. అందులోకి దిగితే ఫోన్ ఉన్నా లేనట్టే.

పోయినేడాది ఒక మధ్యాహ్నం లోయ దాటి గట్టు ఎక్కేసరికి ఫోన్ వరసగా మోగుతూనే ఉంది. చూస్తే పదకొండు మిస్డ్ కాల్ మెసేజ్‌లు, అన్నీ ఒకే ఇంటి నుంచి. ఆ ఇంట్లో పెద్దాయన ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నారు. కరెంటు పోయి మిషన్ ఆగిపోయింది. సిలిండర్‌కి ఎలా మార్చాలో అడగడానికి వాళ్ల కోడలు నాకు చేస్తూనే ఉంది. చివరికి పక్కింటివాళ్లు వచ్చి మార్చారు, ఆయనకు ఏమీ కాలేదు. అయినా నేను బండి పక్కకు ఆపి చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ వారమే బూస్టర్ కొన్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం వస్తువు ఏ కంపెనీదైనా పనితనం కన్నా దాన్ని బండికి ఎలా అమర్చామన్నదే ఎక్కువ తేడా తెస్తుందని నాకు అనుభవంలో తెలిసింది. అందుకే అమరిక గురించే ఎక్కువ రాస్తున్నాను.

పెట్టెలో మూడు వస్తువులు వచ్చాయి. బండి టాప్ మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా, దానికి సన్నటి వైరు. అరచేతిలో పట్టేంత యాంప్లిఫయర్. లోపల ఫోన్ దగ్గర అతికించుకునే చిన్న పలక లాంటి యాంటెన్నా. పైన యాంటెన్నా టవర్ సిగ్నల్‌ని పట్టుకుంటుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది, లోపలి పలక ఫోన్‌కి అందిస్తుంది. ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లేది కూడా ఇదే దారిలో వెనక్కి వెళ్తుంది. ఈ రెండో దారి గురించి చాలామంది ఆలోచించరు కానీ, నాకు ఎక్కువ మేలు చేసింది అదే. టవర్ గట్టిగా అరవగలదు, కాబట్టి దాని మాట ఫోన్‌కి వినబడుతుంది, తెర మీద ఒకటి రెండు గీతలు కూడా కనబడతాయి. ఫోన్ మాత్రం అంత గట్టిగా జవాబివ్వలేదు. మామూలు ఫోన్ ఎంత కష్టపడ్డా 200 మిల్లీవాట్ల దగ్గర ఆగిపోతుంది. గీతలు ఉన్నా కాల్ కలవకపోవడానికి, కలిసినా "హలో, హలో" అంటూ మన మాట అవతలివాళ్లకు వినబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పైగా ఫోన్ ఉన్నది ఇనుప డబ్బాలాంటి బండి లోపల. అద్దానికి ఎండ తగలకుండా లోహపు పూత ఉంటే ఇంకా కష్టం.

మొదటిసారి యాక్సెసరీస్ షాపులో బిగించారు. నలభై నిమిషాల్లో అయిపోయింది. నేను సంతోషంగా లోయలోకి దిగాను. ఏమీ మారలేదు. కాల్ కలవలేదు, మెసేజ్ పోలేదు. యాంప్లిఫయర్ మీద ఆరెంజ్ లైటు వెలుగుతోంది. షాపుకి ఫోన్ చేస్తే బిగించినాయన, "ఎర్ర లైటు వస్తేనే ప్రాబ్లం మేడం, ఆరెంజ్ మామూలే" అన్నారు. ఇంటికొచ్చి బూస్టర్‌తో వచ్చిన పుస్తకం తీశాను. నా మోడల్‌లో ఆరెంజ్ అంటే రెండు యాంటెన్నాలూ ఒకదాన్నొకటి వింటున్నాయి, అందుకని బూస్టర్ తన శక్తిని తనే తగ్గించుకుంది అని స్పష్టంగా రాసుంది.

మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు వెళ్తే కీచుమని అరుస్తుంది కదా, ఇదీ అదే. లోపలి పలక విడిచిన సిగ్నల్‌ని పైన యాంటెన్నా మళ్లీ పట్టుకుంటే, యాంప్లిఫయర్ దాన్ని మళ్లీ పెంచుతుంది, అది మళ్లీ పైకి వెళ్తుంది. అలా తిరగడం మొదలైతే టవర్‌కి కూడా ఇబ్బందే. అందుకే మంచి బూస్టర్లు అది గమనించగానే శక్తి తగ్గించుకుంటాయి, మరీ ఎక్కువైతే పూర్తిగా ఆగిపోతాయి. షాపువాళ్లు మా వ్యాన్‌లో పైన యాంటెన్నాని టాప్ ముందు అంచున, సామాను క్యారియర్ గొట్టం పక్కనే పెట్టారు. లోపలి పలకని డాష్‌బోర్డు మీద అతికించారు. రెండింటి మధ్య మీటరు కూడా లేదు. మధ్యలో ఉన్నది అద్దమే. అద్దం సిగ్నల్‌ని ఏం ఆపుతుంది?

ఇంకో రెండు తప్పులు తర్వాత బయటపడ్డాయి. వైరుని డ్రైవర్ డోరు సందులోంచి తెచ్చారు. తీసి చూస్తే డోరు మూసుకునే చోట వైరు బల్లపరుపుగా నలిగి ఉంది, గోరుతో నొక్కినట్టు ఒక గీత, పై తొడుగు కొంచెం తెల్లబడింది. ఈ వైరు మామూలు కరెంటు వైరు కాదు. మధ్యలో తీగ, చుట్టూ తెల్లటి పొర, దాని మీద అల్లిక, ఆపైన తొడుగు. మధ్య తీగకీ అల్లికకీ దూరం ఒకేలా ఉంటేనే సిగ్నల్ సరిగా పోతుంది. నలిగిన చోట సిగ్నల్ వెనక్కి తిరుగుతుంది, లేదా అక్కడే కారిపోతుంది. రెండో తప్పు, యాంప్లిఫయర్‌ని కాళ్ల కింద మ్యాట్ లోపల దాచేశారు. అది పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది, దానికి గాలి కావాలి.

ఒక ఆదివారం నేనూ మా తమ్ముడూ కలిసి మళ్లీ మొదటి నుంచీ చేశాం. మూడు గంటలు పట్టింది.

దానికి ముందు నేనొక పని చేశాను, మీరూ చేయండి. గీతలు లెక్కపెట్టడం మానేసి నంబరు చూడండి. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో మైనస్ 80 అంటే చక్కగా ఉన్నట్టు, మైనస్ 100 దాటితే బలహీనం, మైనస్ 120 దగ్గర ఇక తెగిపోతుంది. మూడు డీబీ పెరిగితే సిగ్నల్ రెట్టింపైనట్టు, పది పెరిగితే పది రెట్లు. నేను బూస్టర్ ఆపేసి, దారిలో నాలుగు చోట్ల బండి పక్కకు ఆపి, ఒక్కోచోట రెండు నిమిషాలు చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. పెట్రోల్ బంకు మైనస్ 92. చెరువు మలుపు మైనస్ 113. పాత వంతెన మైనస్ 117. లోయ అడుగున నో సర్వీస్.

ఇక బిగింపు. పైన యాంటెన్నాని టాప్‌కి సరిగ్గా నడిమధ్యన పెట్టాం. అందం కోసం కాదు. ఈ పొట్టి అయస్కాంతం యాంటెన్నాలకు కింద ఉన్న ఇనుప రేకు కూడా యాంటెన్నాలో సగం భాగం లాంటిదే. 4జీ వాడే తరంగాల్లో ఒకటైన 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 43 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 11 సెంటీమీటర్లు. యాంటెన్నా చుట్టూ అన్ని వైపులా కనీసం అంత రేకు పరుచుకుని ఉండాలి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. అంచున పెడితే ఒక వైపు రేకు ఉంటుంది, రెండో వైపు గాలి. అప్పుడు అది ఒక వైపు బాగా వింటుంది, ఇంకో వైపు సరిగా వినదు. మనం మలుపులు తిరుగుతూ పోతుంటే టవర్ ఒకసారి ముందుంటుంది, ఒకసారి వెనక. అందుకే నడిమధ్య.

పెట్టే ముందు ఆ చోటు సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచాం. అయస్కాంతం కింద ఇసుక రేణువు ఒక్కటున్నా బండి కదిలే కొద్దీ పెయింటు గీసుకుపోతుంది. షాపువాళ్లు పెట్టిన చోట అప్పటికే చిన్న వంపు గీత పడి ఉంది. దాన్ని చూసి నిజంగా బాధేసింది.

వైరుని వెనక డోరు వైపు దించాం. డోరు పైభాగంలో కాకుండా, పక్కనే కిందికి తెచ్చి, రబ్బరు బీడింగ్ మెత్తగా ఉన్న చోట లోపలికి తీసుకున్నాం. లోపలికి వెళ్లే ముందు బయట చిన్న వంపు వదిలాం. వాన నీళ్లు వైరు వెంబడి జారి ఆ వంపు అడుగున బొట్టుగా పడిపోతాయి, బండిలోకి రావు. లోపల నేల అంచు ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి ముందు సీటు దాకా. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు అద్దం పక్కన ఉండే స్తంభంలో, టాప్ అంచు వెంబడి లోపలి గుడ్డలో చాలా బండ్లకు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాని మీదుగా వైరు దోపకండి. ప్రమాదం జరిగిన క్షణంలో బ్యాగ్ తెరుచుకునే దారికి వైరు అడ్డం పడకూడదు. మీ బండిలో ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట్లన్నీ ముందు చూసుకుని, ఆ తర్వాత వైరు దారి అనుకోండి.

వైరు మిగిలితే కోసేయాలని అనిపిస్తుంది. కోయకండి, చివర కనెక్టర్ మళ్లీ సరిగా బిగించడం ఇంట్లో అయ్యే పని కాదు. అలాగని పొడవు పెంచే వైరు కొనకండి. ఇంత సన్నటి వైరులో మూడు మీటర్లకే దాదాపు సగం సిగ్నల్ పోతుంది. మిగిలిన దాన్ని పళ్లెం అంత వెడల్పు చుట్టగా చుట్టి, మడత పడకుండా సీటు కింద కట్టేశాం. యాంప్లిఫయర్ కూడా సీటు కిందే, మ్యాట్ పైన, చుట్టూ ఖాళీ వదిలి.

లోపలి పలక దగ్గరే అసలు మార్పు జరిగింది. డాష్‌బోర్డు మీంచి తీసి డ్రైవర్ సీటు పక్కన, గేర్ వైపు, నా తొడ ఎత్తులో వెల్‌క్రోతో అతికించాం. ఫోన్ హోల్డర్‌ని కూడా కిందికి దించి పలకకి ముప్ఫై సెంటీమీటర్ల లోపలికి తెచ్చాం. ఇప్పుడు రెండు యాంటెన్నాల మధ్య రెండు మీటర్ల పైనే ఉంది, పైగా మధ్యలో టాప్ రేకు అడ్డం. తాళం తిప్పాను. తమ్ముడు సీటు కిందికి వంగి చూసి, "అక్కా, పచ్చ!" అన్నాడు. తర్వాత వాడే పలకని చేత్తో పట్టుకుని మెల్లగా అద్దం వైపు జరిపాడు. ఒకచోట టక్కున ఆరెంజ్ అయింది. వెనక్కి తెస్తే మళ్లీ పచ్చ. ఆ హద్దు కళ్లారా చూశాక ఇక నాకు అనుమానం లేదు.

మర్నాడు అవే నాలుగు చోట్లు. చెరువు మలుపులో మైనస్ 113 కాస్తా మైనస్ 98 అయింది. పదిహేను డీబీ, అంటే సుమారు ముప్ఫై రెట్లు. పాత వంతెన దగ్గర మైనస్ 104. అక్కడి నుంచి తమ్ముడికి కాల్ చేసి నాలుగు నిమిషాలు మాట్లాడాను, ఒక్కసారి కూడా తెగలేదు. డబ్బా మీద 50 డీబీ అని రాసుంటే పదిహేనే పెరిగిందేమని మీకు అనిపించవచ్చు. వైర్లలో కొంత పోతుంది, లోపలి పలక నుంచి ఫోన్ దాకా గాల్లో చాలా పోతుంది. అందుకే ఫోన్‌ని పలకకి దగ్గరగా ఉంచమనేది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు నా బూస్టర్ వల్ల ఏమీ ఒరగలేదు, అది నేను పెట్టి చూశాను.

లోయ అడుగున మాత్రం ఇప్పటికీ నో సర్వీస్. బూస్టర్ ఉన్నదాన్ని పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించలేదు. ఇదివరకు పదకొండు కిలోమీటర్లు చీకటి అయితే ఇప్పుడు రెండున్నర. ఆ రెండున్నర కిలోమీటర్ల సంగతి నా రోగుల ఇళ్లలో అందరికీ చెప్పి ఉంచాను. ఫలానా టైముకి పావుగంట నేను దొరకను, అప్పుడు ఈ నంబరుకి చేయండి అని కాగితం రాసి ఇచ్చాను. బూస్టర్ కొన్నాం కదా అని ఈ కాగితం మానేయకూడదు.

నెట్ స్పీడ్ కోసం కొనేవాళ్లు ఆగి ఆలోచించండి. పెట్రోల్ బంకు దగ్గర నంబరు చాలా మెరుగైంది కానీ, రిపోర్టులు డౌన్‌లోడ్ చేస్తే బూస్టర్ లేకుండా 22 ఎంబీపీఎస్, ఉంటే 17 వచ్చింది. ఇప్పటి ఫోన్లలో రెండు నుంచి నాలుగు యాంటెన్నాలు ఉంటాయి, టవర్ నుంచి ఒకేసారి రెండు మూడు దారుల్లో డేటా తెచ్చుకుంటాయి. బూస్టర్ వాటన్నిటినీ ఒకే యాంటెన్నా, ఒకే వైరు గుండా పంపుతుంది. సిగ్నల్ బాగా ఉన్న చోట అది ఫోన్‌కి నష్టమే. నేను ఊళ్లోకి రాగానే స్విచ్ ఆపేస్తాను. సిగ్నల్ నీరసంగా ఉన్న చోట మాత్రం అసలు రాని డేటా కాస్త వస్తుంది, నాకు కావలసింది అదే. ఇంకోటి, నా బూస్టర్ 4జీ బ్యాండ్లనే, అంటే 4జీ నడిచే తరంగాలనే పెంచుతుంది. 3.5 గిగాహెర్ట్జ్ 5జీని ముట్టుకోదు. కొనే ముందు మీ నెట్‌వర్క్ ఏ బ్యాండ్ల మీద నడుస్తోందో కనుక్కుని, డబ్బా మీద ఆ బ్యాండ్లు ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

అనుకోని లాభం ఫోన్ బ్యాటరీది. ఇంతకుముందు మధ్యాహ్నానికే ఫోన్ చేతిలో కాలిపోయేది. సిగ్నల్ అందని చోట ఫోన్ పూర్తి శక్తితో అరుస్తూ టవర్‌ని వెతుకుతుంది. ఇప్పుడు ఆ అరుపు యాంప్లిఫయర్ అరుస్తోంది, ఫోన్ చల్లగా ఉంటోంది.

కరెంటు విషయంలో ఒక దెబ్బ తిన్నాను. మొదట ఛార్జింగ్ సాకెట్‌కే పెట్టాను. మా వ్యాన్‌లో తాళం తీసినా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుందని గమనించలేదు. రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం పొద్దున బండి స్టార్ట్ కాలేదు. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత ఫ్యూజు బాక్సులో, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైన్ నుంచి, మధ్యలో విడిగా ఫ్యూజు వేయించి ఇప్పించాను. అప్పటి నుంచి టెన్షన్ లేదు.

చట్టం సంగతి తప్పకుండా చూసుకోండి. సరిగా లేని బూస్టర్ చుట్టుపక్కల వందల మంది కాల్స్ పాడుచేయగలదు, అందులో అంబులెన్స్ కోసం చేసేవాళ్లూ ఉండొచ్చు. అందుకే దేశానికో నియమం ఉంది. అమెరికాలో 2013లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమాలు తెచ్చింది. అక్కడ ఆమోదం పొందిన బూస్టరే వాడాలి, నెట్‌వర్క్ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. బండిలో వాడే ఈ రకానికి 50 డీబీ హద్దు, ఫోన్‌ని నేరుగా పెట్టే ఊయల లాంటి రకానికి 23 డీబీ. భారతదేశంలో లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు తప్ప వేరేవాళ్లు బూస్టర్ కొనడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని తెప్పించుకోకండి. నేను కొనే ముందు నేనుండే చోట అనుమతి ఉందని తేల్చుకుని, నంబరు రిజిస్టర్ చేయించాకే స్విచ్ వేశాను.

సంరక్షణ పెద్దగా ఏమీ లేదు. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు యాంటెన్నా తీసి లోపల పెడతాను, బ్రష్షులు వైరుని లాగేస్తాయి. వైరు పట్టుకుని లాగి తీయకూడదు, అడుగున గోరు పెట్టి అంచు నుంచి లేపాలి. నెలకోసారి తీసి అడుగు తుడుస్తాను, లేకపోతే చెమ్మ నిలిచి తుప్పు పట్టే ప్రమాదం ఉంది. ఐదో నెలలో ఉన్నట్టుండి పాత వంతెన దగ్గర కాల్స్ తెగడం మొదలైంది. లైటు పచ్చగానే ఉంది. చూస్తే యాంప్లిఫయర్ దగ్గర కనెక్టర్ అర మర వదులైంది, కుదుపులకి. చేత్తో బిగించాను, సరిపోయింది. పట్టకారు వాడకండి, ఆ మరలు చాలా సన్నవి.

మా జట్టులో ఇంకో నర్సు నా బండిలో వచ్చి చూసి, "అక్కా, నాకూ పెట్టు" అంది. ఆమె వ్యాన్ టాప్ ఫైబర్‌ది, అయస్కాంతం పట్టుకోదు. పట్టినా కింద రేకు లేకపోతే యాంటెన్నా సరిగా పనిచేయదు. అందుకని ముప్ఫై సెంటీమీటర్ల ఇనుప పలక ఒకటి కోయించి, తుప్పు పట్టకుండా పెయింటు వేయించి ఉంచాం. వచ్చే ఆదివారం ఆమె టాప్‌కి దాన్ని అతికించి, ఆరాక దాని నడిమధ్యన యాంటెన్నా పెడతాం. బిగించే ముందు అవే నాలుగు చోట్ల నంబర్లు రాసుకురమ్మని నోటుబుక్కు ఇచ్చి పంపాను.